నీళ్లు అందరివీ... ఒడ్డు మాత్రం కొందరిదే!

కార్తీక పౌర్ణమి నాడు గోదాట్లో దీపం వదలని ఏడాది నాకు గుర్తున్నంతలో ఒక్కటీ లేదు. పెళ్లయ్యాక అత్తగారితో, ఆవిడ పోయాక పక్కింటి వదినగారితో, ఉద్యోగం చేసిన రోజుల్లో బడికి లేటయినా సరే, పుష్కరాల రేవుకి వెళ్లి అరటిదొప్పలో వత్తి వెలిగించి నీళ్లలోకి తోసి వచ్చేదాన్ని. 2024లో మాత్రం కార్తీకం వచ్చేసరికి అమెరికాలో ఉన్నాను. అమ్మాయి పురుడు. మనవడికి మూడో నెల.

సియాటిల్ నగరానికి తూర్పున బెల్‌వ్యూ అనే ఊళ్లో మా అమ్మాయి వాళ్లుంటారు. సియాటిల్‌కీ బెల్‌వ్యూకీ మధ్య లేక్ వాషింగ్టన్ అని పెద్ద సరస్సు. పొడవు ముప్ఫై అయిదు కిలోమీటర్లు. చెరువనుకుంటే చెరువు, సముద్రమనుకుంటే సముద్రం. ఇంత నీరుండగా దీపానికి లోటేమిటి అనుకున్నాను.

"అమ్మా, దీపం వెలిగిస్తే వెలిగించు గానీ నీళ్లలో ఏదీ వదలకూడదు" అంది మా అమ్మాయి.

"దారం కట్టి వదుల్తానే. మళ్లీ లాక్కుంటాను" అన్నాను.

అరటిదొప్ప ఎక్కడ దొరుకుతుంది? నారింజపండు సగానికి కోసి, గుజ్జు తీసేసి, ఆ తొక్కలో నెయ్యి పోసి వత్తి వేశాను. దానికి ఒక పురికొస. అల్లుడు కారు తీశాడు. సరస్సు పక్కనే డబ్బున్నవాళ్ల ఊళ్లున్నాయి, అటునుంచి తిప్పి తీసుకెళ్తాను, అవీ చూసినట్టుంటుంది అన్నాడు.

అలా మొదలైంది నా మెడినా ప్రయాణం.

కంచెల వెనక సరస్సు

సరస్సులోకి వేళ్లు చాచినట్టు కొన్ని భూశిఖరాలున్నాయి అక్కడ. వాటి మీద చిన్న చిన్న ఊళ్లు. మెడినా, హంట్స్ పాయింట్, యారో పాయింట్, పక్కనే గట్టు మీద క్లైడ్ హిల్. 2020 జనాభా లెక్కల ప్రకారం మెడినాలో ఉన్నది సుమారు 2,900 మంది. యారో పాయింట్‌లో 1,100 పైచిలుకు. హంట్స్ పాయింట్‌లో అయితే 460 మంది కూడా లేరు. మన దగ్గర ఒక అపార్టుమెంటు సముదాయంలో అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. కానీ ప్రతి ఊరికీ సొంత మేయరు, సొంత కౌన్సిలు!

మైక్రోసాఫ్ట్ బిల్ గేట్స్ ఇల్లు ఉన్నది మెడినాలోనే. అమెజాన్ జెఫ్ బెజోస్ కూడా 1998 నుంచి పాతికేళ్లు ఇక్కడివాడే. అమెజాన్ పుట్టింది కూడా ఈ పక్కనే, 1994లో బెల్‌వ్యూలో ఒక అద్దె ఇంటి గ్యారేజీలో.

కారు అరగంట తిరిగింది. ఏం చూశానని అడగండి. పచ్చటి కంచెలు చూశాను. నిలువెత్తు గేట్లు చూశాను. దేవదారు చెట్లు చూశాను. ఇల్లు కనిపించలేదు. మనిషి కనిపించలేదు. సరస్సు అసలే కనిపించలేదు! రెండు కంచెల సందులోంచి ఒక్కసారి తళుక్కుమంది, అంతే. ఈ ప్రాంతం ఇరవై నాలుగ్గంటలూ కెమెరాల నిఘాలో ఉందని ఊరి మొదట్లో బోర్డు. ఊళ్లోకి వచ్చే ప్రతి కారు నంబరునీ ఫొటో తీసే ఏర్పాటు 2009లోనే చేసుకున్నారట.

"అత్తయ్యగారూ, ఇదంతా ప్రైవేటు. దిగి నీళ్ల దాకా వెళ్లడానికి లేదు" అన్నాడు అల్లుడు.

అక్కడి పద్ధతి ఏమిటంటే, సరస్సు నీళ్లు అందరివీ. ఎవరైనా పడవ వేసుకుని ఏ కోటీశ్వరుడి ఇంటి ముందు నుంచైనా పోవచ్చు. కానీ ఒడ్డున ఉన్న నేల చాలావరకు ఎప్పుడో సొంతదారులకు అమ్ముడైపోయింది. పడవలోంచి కాలు కింద పెడితే తప్పు. అందుకే వేసవిలో లాంచీ ఎక్కి "అదిగో గేట్స్ గారి ఇల్లు" అని జనం చూసి రావడం అక్కడ ఒక కాలక్షేపం.

చివరికి మెడినా బీచ్ పార్క్ అనే చిన్న స్థలం దొరికింది. నాలుగు బెంచీలు, గుప్పెడు గులకరాళ్ల ఒడ్డు. పక్కన పాతకాలపు చెక్క భవనం. అదే వాళ్ల మునిసిపల్ ఆఫీసు. ఒకప్పుడది పడవల రేవు. కార్లు ఎక్కించుకునే పడవ 1913 నుంచి ఈ సరస్సు మీద నడిచేది. 1940లో సరస్సు మీద తేలే వంతెన వేశాక పడవల పని తగ్గిపోయింది. రేవు భవనం ఊరి కచేరీ అయింది.

నాలుగున్నరకే చీకటి పడిపోయింది. చంద్రుడు మబ్బుల చాటున. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నారింజ తొక్క దీపం నీళ్ల మీద పెట్టి పురికొస వదిలాను. అయిదారడుగులు వెళ్లింది. అక్కడే బెంచీ మీద కుక్కపిల్లతో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చింది. కోప్పడుతుందేమోనని మా అమ్మాయి కంగారు పడింది.

"ఎంత బావుంది! ఇది ఎవరి కోసం?" అని అడిగింది ఆవిడ.

పేరు పెట్టింది కూడా ఆడవాళ్లే

ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్లు. పుట్టింది, పెరిగింది, ముసలిదయింది అంతా ఆ చుట్టుపక్కలే. నేను రాజమండ్రిలో సోషల్ టీచరుగా రిటైరయ్యానని తెలిశాక ఆవిడ మాటలకి అంతులేదు. తర్వాత కూడా రెండు మూడుసార్లు కలుసుకున్నాం. ఆవిడ చెప్పినవి కొన్ని, ఇంటికొచ్చి చదువుకున్నవి కొన్ని కలిపి మీకు చెబుతున్నాను.

మెడినా అనే పేరు విని నాకూ అనుమానం వచ్చింది, ఇది అరేబియాలోని మదీనా పేరు కదా అని. అవును, అదే! పేరు పెట్టింది ఫ్లోరా బెలోట్ అనే గృహిణి. 1892 నాటి మాట. పేరు కోసం మగవాళ్ల ఆలోచనలు వేరేగా ఉంటే, ఈవిడ సూచించిన పేరే చివరికి నిలిచింది. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన ఆ ఊరి పేరు ఒక ఇల్లాలు పెట్టిందన్నమాట.

పక్కనున్న హంట్స్ పాయింట్‌కి ఆ పేరు లీ హంట్ అనే పత్రికాధిపతి వల్ల వచ్చింది. యారో పాయింట్‌లో ఉండే ఆయనకి ఎదుటి కొసన ఉన్న చెట్లు సరస్సుకి అడ్డం వస్తున్నాయట. ఏం చేశాడనుకున్నారు? ఆ కొస మొత్తం కొనేసి చెట్లు కొట్టించాడట! 1893 ఆర్థిక మాంద్యంలో ఆస్తి పోగొట్టుకున్నాడు. మళ్లీ కొరియా వెళ్లి బంగారు గనుల్లో సంపాదించాడు. మనిషి పోయినా, కిటికీలోంచి సరస్సు కనబడాలన్న కోరిక మాత్రం ఆ ఊళ్లలో అలాగే ఉండిపోయింది. పక్కింటివాడి చెట్టు పెరిగి సరస్సు కనపడకుండా పోతోందని ఇప్పటికీ తగువులు పడుతుంటారని ఆవిడ నవ్వుతూ చెప్పింది.

ఇంకో వింత. 1916లో సరస్సుని సముద్రంతో కలుపుతూ కాలువ తవ్వారు. దాంతో సరస్సు మట్టం దాదాపు తొమ్మిది అడుగులు దిగిపోయింది. ఒడ్డునున్న వాళ్లకి ఇంటి ముందు కొత్త నేల బయటపడింది. కానీ అదే దెబ్బకి సరస్సులోంచి పారే బ్లాక్ రివర్ ఎండిపోయింది. ఆ నదినే నమ్ముకుని చేపలు పట్టుకుని బతికే దువామిష్ తెగవాళ్లకి బతుకుతెరువు పోయింది. ఒకే కాలువ ఒకరికి నేలనిచ్చింది, ఇంకొకరి నదిని తీసుకుపోయింది.

స్ట్రాబెర్రీ తోటలు ఏమయ్యాయి?

"నా చిన్నప్పుడు ఇది డబ్బున్నవాళ్ల ఊరు కాదు. పడవెక్కి సియాటిల్ వెళ్లి పనిచేసుకొచ్చేవాళ్లం. ఇదంతా స్ట్రాబెర్రీ తోటలు" అంది ఆవిడ.

ఆ తోటలు వేసింది ఎక్కువగా జపాన్ నుంచి వచ్చిన కుటుంబాలు. అడవి నరికాక మిగిలిన మహావృక్షాల మొదళ్లని పేల్చి, పెకలించి, నేల చదును చేసింది వాళ్లు. మగవాళ్లు మొదళ్లు పెకలిస్తుంటే, ఆడవాళ్లు చంటిపిల్లల్ని వీపున కట్టుకుని కలుపు తీసేవాళ్లు. 1925 నుంచి బెల్‌వ్యూలో ఏటా స్ట్రాబెర్రీ పండగ జరిగేది. చుట్టుపక్కల నుంచి వేలమంది వచ్చేవాళ్లు.

అయితే ఆ నేల వాళ్లది కాదు. వాళ్లు కొనుక్కోకూడదు! పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదు, కౌలుకి కూడా తీసుకోకూడదని 1921లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. అమెరికాలో పుట్టిన తమ పిల్లల పేరు మీద పెట్టుకుని కొందరు నెట్టుకొచ్చారు. ఆ చట్టాన్ని పూర్తిగా తీసేసింది 1966లో.

ఈలోగా యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరిలో ప్రెసిడెంటు ఉత్తర్వు. మే నెలలో బెల్‌వ్యూ ప్రాంతం నుంచి సుమారు అరవై జపనీస్ కుటుంబాలని రైలెక్కించి కాలిఫోర్నియా శిబిరాలకు పంపేశారు. చేతుల్లో పట్టుకున్నవే సామాన్లు. పొలంలో పండు ఎర్రబడే వేళ. ఆ ఏడాది స్ట్రాబెర్రీ పండగ జరగలేదు. పండించేవాళ్లే లేరు మరి.

"నాకప్పుడు ఆరేళ్లు. ఒకరోజు బడికి వెళితే మా గదిలో కొన్ని బల్లలు ఖాళీ. ఎందుకని టీచర్ని అడిగితే, పాఠం చూసుకో అంది" అని చెప్పి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన కుటుంబాలు చాలా కొద్ది. అప్పటికి బెల్‌వ్యూలో పెద్ద దుకాణాల సముదాయం లేచింది, నేల ధర పెరిగింది. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ ఇరవై వేల డాలర్లిచ్చింది. ఆ డబ్బుతో ఆ సరస్సు పక్కన ఒక గది కట్టుకునేంత జాగా కూడా రాదు.

టీచరుగా పాతికేళ్లు రెండో ప్రపంచయుద్ధం పాఠం చెప్పాను. హిరోషిమా చెప్పాను. ఈ ఖాళీ బల్లల సంగతి నాకెప్పుడూ తెలియదు.

కోటీశ్వరుల ఊరికి డబ్బు కొరత!

1963లో రెండో తేలే వంతెన వచ్చింది. సరస్సు లోతు ఎక్కువ, అడుగున మెత్తటి బురద. స్తంభాలు నిలవవు. అందుకని కాంక్రీటు పడవల మీద రోడ్డు పరిచారు. 2016లో కొత్తగా కట్టిన వంతెన ప్రపంచంలోనే పొడవైన తేలే వంతెన. ఈ వంతెన సరిగ్గా ఆ శిఖరాల మీదుగానే పోతుంది. సియాటిల్‌కి పది నిమిషాల దారి అయ్యేసరికి డాక్టర్లు, లాయర్లు వచ్చారు. 1986లో పక్కనే రెడ్‌మండ్‌కి మైక్రోసాఫ్ట్ మారాక ఇక చెప్పనక్కర్లేదు. ఆ కంపెనీ 1998లో హైదరాబాద్‌లో కేంద్రం పెట్టింది. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో దానికి సి.ఇ.ఓ. అయ్యారు. మన పిల్లలు వేల మంది అక్కడ చేరడం, మనలాంటి అమ్మలు పురుళ్లకి వెళ్లడం అన్నీ ఆ తర్వాత కథే.

ఊరి నిబంధనలు కూడా డబ్బున్నవాళ్లకే వీలుగా ఉంటాయి. మెడినాలో చాలాచోట్ల ఒక ఇంటి స్థలం పదహారు వేల చదరపు అడుగులకి తగ్గకూడదు. అంటే మన లెక్కలో దాదాపు 1,780 గజాలు. చిన్న స్థలంలో చిన్న ఇల్లు కట్టుకుంటానంటే కుదరదు. స్థలానికి రెండేసి ఇళ్లకయినా ఒప్పుకోవాలని ఇలాంటి చిన్న ఊళ్లకి కూడా రాష్ట్రం 2023లో చట్టం చేసింది. పిల్లలకి బడి చెప్పే టీచరు, మంటలార్పే ఉద్యోగి పనిచేసే ఊరికి దగ్గర్లో ఉండలేకపోతున్నారన్నదే దాని వెనకున్న బాధ. తోటపని వాళ్లు, ఆయాలు దూరం నుంచి వచ్చి సాయంత్రానికి వెళ్లిపోవలసిందే.

ఇంకా వింత చెప్పనా? ప్రపంచంలోకెల్లా ధనవంతులున్న ఈ మెడినా మునిసిపాలిటీకి 2019లో డబ్బు చాలలేదు! ఆస్తిపన్ను మీద వచ్చే రాబడిని ఏడాదికి ఒక శాతం కన్నా పెంచుకోవాలంటే ఓటర్లని అడగాలని అక్కడ నియమం. ఇళ్ల ధరలు ఎన్నింతలు పెరిగినా ఊరి రాబడి పెరగదు. కట్టిన పన్నులో పెద్దవాటా బళ్లకీ, జిల్లాకీ, రాష్ట్రానికీ పోతుంది. పోలీసులకీ ఫైరింజనుకీ ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చివరికి పన్ను పెంచుకోవడానికి ఊరివాళ్లే ఓట్లేసి ఒప్పుకున్నారు. ఇంట్లో బీరువా నిండా నగలుండి, పాలవాడికి చిల్లర లేదన్నట్టు లేదూ!

2021లో ఆ రాష్ట్రం షేర్లూ గట్రా అమ్మితే వచ్చే పెద్ద లాభాల మీద ఏడు శాతం పన్ను వేసింది. పిల్లల చదువులకి, చంటిపిల్లల సంరక్షణకి ఆ డబ్బు. 2023 నవంబరులో బెజోస్ తల్లిదండ్రులకి దగ్గరగా ఉంటానని, తన రాకెట్ల పని కూడా అటే ఉందని చెప్పి మయామీ వెళ్లిపోయాడు. ఆయన అక్కడ ఇళ్లు కొన్నది ఇండియన్ క్రీక్ అనే దీవిలో. 2020 లెక్కల్లో ఆ ఊరి జనాభా ఎనభై నాలుగు! దాని ముందు మెడినా మహానగరం.

మా అమ్మాయి మాత్రం బాబుని చూసే డేకేర్‌కి ఎంతవుతుందో కాగితం మీద లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. నెలకి మన రెండు లక్షల పైమాటే. నేను వచ్చేశాక దానికి దారి అదే.

అత్తగారి ఉత్తరం

బిల్ గేట్స్ ఇంటి గురించి మన పేపర్లలోనూ చాలా వచ్చింది. అరవై ఆరు వేల చదరపు అడుగులు. కట్టడానికి ఏడేళ్లు పట్టి 1997కి పూర్తయింది. చాలా భాగం గట్టులోకి దాగి ఉంటుంది. మొదలుపెట్టినప్పుడు ఆయన బ్రహ్మచారి. 1994 జనవరి ఒకటిన మెలిండాతో పెళ్లయ్యాక, ఇది సంసారం చేసుకునే ఇల్లులా లేదని ఆవిడ చాలా మార్పులు చేయించింది. అంతటివాళ్లయినా ఇల్లు సంసారానికి వీలుగా ఉందో లేదో చూసుకోవలసింది ఇల్లాలే!

నాకు ఆ ఇంటికన్నా నచ్చింది ఒక ఉత్తరం సంగతి. పెళ్లికి ముందు వేడుకలో గేట్స్ తల్లి మేరీ కాబోయే కోడలికి ఒక ఉత్తరం చదివి వినిపించింది. అప్పటికే ఆవిడకి రొమ్ము కాన్సరు. ఎక్కువ దక్కినవాళ్ల మీద లోకం ఆశలు కూడా ఎక్కువే పెట్టుకుంటుందన్నది అందులో సారాంశం. ఆర్నెల్లకే, 1994 జూన్‌లో ఆవిడ పోయింది. ఆ మాట తనని వదల్లేదని 2007లో హార్వర్డ్‌లో ఉపన్యాసమిస్తూ కొడుకే చెప్పాడు. ఆ దంపతులు 2021లో విడిపోయారు. బెజోస్ మాజీ భార్య మెకెంజీ స్కాట్ 2019లో విడాకుల తర్వాత నుంచీ తన వాటాలోంచి 2025 నాటికి పంతొమ్మిది వందల కోట్ల డాలర్లకి పైగా పంచిపెట్టింది. బళ్లకీ, ఆస్పత్రులకీ, చిన్న చిన్న సంస్థలకీ. ఎలా ఖర్చు పెట్టాలో కూడా చెప్పకుండా ఇస్తుందట.

ఇళ్లు నిలిచాయో లేదో గానీ, ఇద్దరు ఆడవాళ్ల చేతులు మాత్రం పెట్టే చేతులయ్యాయి.

తుపాను రాత్రి

పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజు, నవంబరు 19 రాత్రి, ఆ ప్రాంతాన్ని పెనుగాలి కొట్టింది. పెద్ద పెద్ద దేవదార్లు తీగల మీద, ఇళ్ల మీద పడ్డాయి. లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. బెల్‌వ్యూలోనే ఇంటి మీద చెట్టు పడి ఒకావిడ చనిపోయింది. మా ఇంట్లో మూడు రోజులు చీకటి. హీటరు లేదు. చంటివాణ్ని మధ్యలో పడుకోబెట్టుకుని, దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాం. పౌర్ణమి కోసం తెచ్చిన వత్తులూ నెయ్యీ అప్పుడు అక్కరకొచ్చాయి. పక్కింట్లో మెక్సికో దంపతులు గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి తెచ్చిచ్చారు. వాళ్ల పిల్లలకి నేను పులిహోర చేసిచ్చాను.

వారం తర్వాత పెద్దావిడ కనిపిస్తే ఎలా ఉన్నారని అడిగాను.

"నాకు నాలుగు రోజులు కరెంటు లేదు. మా పక్కింట్లో జనరేటరు రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగింది. లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి" అంది.

"మరి వాళ్లింటికి వెళ్లకపోయారా?"

"ఇంట్లో మనిషి ఉంటే కదా! ఏడాదికి మూడు వారాలు వస్తారు."

ఆవిడ కొడుకూ కూతురూ వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. ఆవిడ ఇల్లు వాళ్ల నాన్న కట్టింది. అమ్మితే కోట్ల డాలర్లు. అమ్మేసి వెళ్లిపొమ్మని రోజూ ఎవరో ఒకరు ఉత్తరం పడేస్తుంటారట. "నా స్నేహితులంతా వెళ్లిపోయారు. పలకరించే మనిషి కోసం ఈ బెంచీ మీదకొచ్చి కూర్చుంటాను" అంది.

మన ఊళ్లో అరుగు మీద కూర్చున్న ముసలమ్మకి దారినపోయే ప్రతివాళ్లూ జవాబు చెప్పి పోవలసిందే కదా. ఆవిడకి ఆ అరుగు లేదు. కంచె ఉంది.

ఇళ్లు కొని పార్కు చేశారు

వచ్చే ముందు ఆవిడే నాకొక చోటు చెప్పింది, తప్పకుండా చూడమని. బెల్‌వ్యూ ఊరికీ మెడినాకీ మధ్యనున్న మేడెన్‌బవర్ బే. ఒకప్పుడు తిమింగలాలు వేటాడే ఓడలు చలికాలం అక్కడ లంగరు వేసుకునేవి. ఆ ఒడ్డున ఉన్న ప్రైవేటు స్థలాల్ని బెల్‌వ్యూ మునిసిపాలిటీ ఒక్కొక్కటే, దశాబ్దాలపాటు ఓపిగ్గా కొంటూ వచ్చింది. 2019లో అదంతా కలిపి అందరికీ పార్కు చేసింది. వంకర తిరిగిన చెక్క వంతెన, పిల్లలు ఆడుకునే ఒడ్డు, పడవలు దింపుకునే చోటు.

శనాదివారాలు అల్లుడు నన్నక్కడ దింపేవాడు. మా కాకినాడ వదినగారొకరు, గుంటూరు ఆవిడొకరు, ఇద్దరు చైనా బామ్మలు, ఒక రష్యా ఆవిడ. ఒకరి భాష ఒకరికి రాదు. మనవళ్ల బళ్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చునేవాళ్లం. నాకు ఆ ఊళ్లో నచ్చిన చోటేదంటే అదే.

అక్కడ కూర్చున్నప్పుడే నాకు తట్టింది. పోయిన ఒడ్డుని తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఊరికి దశాబ్దాలు పట్టింది, ఎంతో డబ్బు పోసింది. మనకి గోదావరి రేవులు, విశాఖ ఇసుకతిన్నెలు, ఊరి చెరువుగట్లు పుట్టుకతో వచ్చాయి. ఎవరి ఇంటి గేటూ దాటకుండా దీపం వదలగలుగుతున్నాం. సముద్రపు ఒడ్డుని కాపాడటానికి మనకీ 1991 నుంచి నిబంధనలున్నాయి. హైదరాబాద్ చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024లో హైడ్రా అని ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టవలసి వచ్చింది. అంటే అక్కడ కంచెలు ఎప్పుడో లేచాయనేగా! "లేక్ వ్యూ" అని ప్రకటన చూసి ఫ్లాటు కొనేటప్పుడు, ఆ చెరువు ఇంకెవరికి కనపడకుండా పోతోందో మనమెప్పుడైనా అడిగామా? బట్టలుతికే చాకలమ్మ, గేదెల్ని కడిగే పిల్లాడు, బతుకమ్మ నిమజ్జనం చేసే ఆడపడుచులు, వాళ్లంతా ఎటు పోవాలి?

రాజమండ్రి వచ్చాక మొన్న కార్తీకంలో మళ్లీ రేవుకి వెళ్లాను. మెట్ల మీద బురద, పాలిథిన్ సంచులు, కాళ్లు పెట్టడానికి చోటులేనంత జనం. ఎప్పట్లా విసుక్కోబోయి ఆగాను. దీపం వదిలాక, నా చేతికందినంతలో నాలుగు సంచులు ఏరి పక్కన డబ్బాలో పడేశాను. నన్ను చూసి పక్కన కాలేజీ పిల్లలిద్దరు కూడా వంగారు.

ఈసారి పురికొస కట్టలేదు. అరటిదొప్ప కదా, గోదారికేం బరువు!

పెద్దావిడకి ఫొటో తీసి పంపమని మా అమ్మాయికి పంపాను. రెండు రోజులకి జవాబొచ్చింది. ఇన్ని దీపాలూ, ఇంతమంది మనుషులూ ఒకేచోట ఉండటం ఎంత అదృష్టమో మీకు తెలుసా అని అడిగిందట.

నాకైతే ఇప్పుడు తెలిసింది. మీ ఊరి రేవు సంగతేమిటి?